పాత ఫొటో చూసి గూడ్సు డబ్బా నమూనా చేయడం ఎలా

నెల్లూరు జిల్లా బిట్రగుంటలో పొగ ఇంజన్ల షెడ్డు, పెద్ద యార్డు నడిచిన రోజుల ఫొటోలు అక్కడి పాత రైల్వే కుటుంబాల దగ్గర ఇంకా ఉన్నాయి. ఇంజన్ ముందు వరసగా నిలబడ్డ డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఖలాసీలు, మెడలో దండతో రిటైరవుతున్న పెద్దాయన. అలాంటి ఫొటోను ఇంకాస్త పరికించి చూడండి. పక్క లైన్లో, ఫ్రేము అంచున, సగం తెగిపోయి ఒక గూడ్సు డబ్బా కనిపిస్తుంది. దాన్ని ఎవరూ కావాలని తీయలేదు. కానీ లారీలు పెరగక ముందు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఉప్పు, పొగాకు, అబ్రకం, బియ్యం దూరప్రాంతాలకు వెళ్లింది ఎక్కువగా అలాంటి డబ్బాల్లోనే. ఇంజన్లలో కొన్నిటినైనా మ్యూజియంలో నిలబెట్టారు. నాలుగు చక్రాల డబ్బాలు చాలావరకు తుక్కు కింద పోయాయి. వాటి రూపం తెలియాలంటే ఆ అంచున ఉన్న సగం బొమ్మే మనకు సాక్ష్యం.

అలాంటి ఒక్క ఫొటోతో మొదలుపెట్టి, అరచేతిలో పట్టే నమూనా దాకా ఎలా వెళ్లాలో ఇక్కడ చెబుతాను. పని మొదలుపెట్టే ముందే ఒక నోటుబుక్కు తీసుకోండి. ఎడమ పేజీలో ఫొటోలో కళ్లారా చూసింది మాత్రమే రాయండి. కుడి పేజీలో మీరు ఊహించింది, ఆ ఊహకు కారణం రాయండి. ఈ రెండూ కలిసిపోతే మీ చేతిలో మిగిలేది ఏదో ఒక రైలు బొమ్మ, అంతే. విడిగా ఉంటే మీరు చేసింది ఫలానా వ్యాగన్ నమూనా అని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ముందు గేజ్ తేల్చుకోండి

గూడూరు, నెల్లూరు, బిట్రగుంట, కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగా పోయే మద్రాసు–బెజవాడ లైను బ్రాడ్‌గేజ్. గేజ్ అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. ఇక్కడ అది 1676 మి.మీ., అంటే ఐదున్నర అడుగులు. పడమటి వైపు దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు లైను 1990ల దాకా మీటర్‌గేజ్, 1000 మి.మీ. గూడూరు నుంచి రేణిగుంట వైపు కూడా ఒకప్పుడు మీటర్‌గేజే. ఫొటో ఏ ఊరిదో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

ఊరు తెలియకపోతే వ్యాగన్ చివర చూడండి. పాత బ్రాడ్‌గేజ్ వ్యాగన్‌కు రెండు పక్కలా పక్క బండి తాకిడిని తట్టుకునే రెండు గుండ్రటి బఫర్లు, మధ్యలో మర బిగించే గొలుసు ఉంటాయి. మీటర్‌గేజ్ వ్యాగన్‌కు పక్క బఫర్లు ఉండవు. మధ్యలో ఒకే బఫర్, కొక్కెం కూడా అక్కడే. తర్వాతి కాలపు బ్రాడ్‌గేజ్ వ్యాగన్లకూ మధ్యలోనే, బండ్లను కలిపే కప్లర్ వచ్చింది కాబట్టి అది ఒక్కటే చూసి మీటర్‌గేజ్ అని తేల్చేయకండి. పట్టాల వెడల్పుతో పోలిస్తే డబ్బా ఎంత బయటికి వచ్చిందో చూడండి. మీటర్‌గేజ్‌లో డబ్బా పట్టాలకు రెండు పక్కలా బాగా వెలుపలికి ఉన్నట్టు కనిపిస్తుంది.

ఫొటోలు ఎక్కడ వెతకాలి

రైల్వే ఫొటోల కోసమే వెతికితే ఇంజన్లే దొరుకుతాయి. వ్యాగన్లు కావాలంటే వేరే పనికి తీసిన ఫొటోలు చూడాలి: పొగాకు కంపెనీల గ్రూప్ ఫొటోలు, ఉప్పు కొఠారుల దగ్గర తీసినవి, అబ్రకం గనుల యజమానుల ఆల్బమ్‌లు, స్టేషన్‌లో నాయకులకు స్వాగతం చెప్పిన రోజు తీసినవి, తుపాను తర్వాత దెబ్బతిన్న లైను ఫొటోలు. ప్లాట్‌ఫారం మీద పెళ్లివారు దిగిన ఫొటోలో కూడా వెనక గూడ్సు నిలబడి ఉండొచ్చు. నెల్లూరు, ఒంగోలు, కావలిలో రెండు మూడు తరాలుగా నడుస్తున్న స్టూడియోల్లో పాత నెగటివ్‌ల పెట్టెలు ఉన్నాయేమో అడగండి. డిజిటల్ వచ్చాక వాటిని పారేసినవాళ్లు చాలామంది, కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

పాత రికార్డులు, గ్రంథాలయాల కేటలాగులు వెతికేటప్పుడు జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. ప్రకాశం జిల్లా పుట్టింది 1970 ఫిబ్రవరి 2న, అప్పుడు దాని పేరు ఒంగోలు జిల్లా. అంతకు ముందు ఒంగోలు, చీరాల గుంటూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో, కందుకూరు, కనిగిరి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1930ల నాటి గిద్దలూరు ఫొటో ప్రకాశం పేరు కింద దొరకదు. కర్నూలు పేరు మీద చూడాలి. రైల్వే పేరు కూడా అంతే. 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1951 ఏప్రిల్ 14 నుంచి దక్షిణ రైల్వే, 1966 అక్టోబరు 2 నుంచి విజయవాడ డివిజన్‌తో సహా దక్షిణ మధ్య రైల్వే. గుంతకల్లు డివిజన్ దక్షిణ మధ్యలోకి వచ్చింది 1977లో.

ఎవరింటికైనా వెళ్లి ఫొటో అడిగేటప్పుడు దాన్ని పట్టుకెళ్తామని అనకండి. వాళ్ల ఇంట్లోనే, వాళ్ల ముందే కాపీ చేసుకోండి. తర్వాత ఒక మంచి ప్రింటు వేయించి వాళ్లకు ఇవ్వండి. తాతగారో నాన్నగారో ఆ ఫొటోలో ఉంటారు, ఆ ఇంటికి అది ఎంత విలువైందో మరవకూడదు. యార్డులో పనిచేసిన పెద్దవారు ఉంటే ఫొటోను వారి చేతిలో పెట్టి అడగండి. "ఇది ఏ రకం వ్యాగన్ తాతా?" అంటే వెంటనే గుర్తుకు రాకపోవచ్చు. "తలుపు ఎటు తెరుచుకునేది? హ్యాండ్‌బ్రేకు ఏ పక్క ఉండేది? సీలు ఎక్కడ వేసేవాళ్లు?" అని అడగండి. చేత్తో చేసిన పని చేయి చూపిస్తూనే గుర్తుకొస్తుంది. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. అది ఎడమ పేజీలోకి కాదు, కుడి పేజీలోకి, "ఫలానా పని చేసినవారు చెప్పారు" అన్న కారణంతో సహా వెళ్తుంది.

కాపీ తీయడం

ప్రింటు అయితే 600 డీపీఐ స్కాన్ చాలు. అరచేతిలో సగం ఉండే చిన్న ప్రింటుకు 1200 పెట్టండి. నెగటివ్ అయితే 2400కు తగ్గకండి. స్కానర్ లేకపోతే కిటికీ దగ్గర నీడ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ ఫొటోకు సరిగ్గా ఎదురుగా ఉండేలా పట్టుకుని తీయండి. ఫోన్ ఓరగా ఉంటే తర్వాత కొలతలన్నీ ఓరగానే వస్తాయి. అద్దానికి అంటుకుపోయిన ఫొటోను లాగొద్దు, అద్దం మీద నుంచే తీయండి. వెనక వైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర, తేదీ, పేర్లు ఉండేది అక్కడే.

పాత ఫొటోలను "క్లియర్" చేసే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. అవి ఫొటోలో లేని వివరాన్ని కల్పించి నింపుతాయి. మసకగా ఉన్న చోట రివెట్లు మొలుస్తాయి, అక్షరాలు వేరే అక్షరాలవుతాయి. చూడటానికి చక్కగా ఉంటుంది, సాక్ష్యంగా పనికిరాదు. వెలుగు, కాంట్రాస్ట్ పెంచుకోండి, అంతవరకే. అసలు స్కాన్‌ను ముట్టుకోకుండా విడిగా దాచండి.

ఫొటో ఏ కాలానిది?

ముందు వ్యాగన్‌ను వదిలేసి దాని చుట్టూ చూడండి. కోస్తా మెయిన్ లైన్లో కరెంటు స్తంభాలు, తీగలు లేకపోతే ఫొటో ఇంచుమించు 1980కి ముందుది. మద్రాసు–విజయవాడ మార్గం విద్యుదీకరణ పూర్తయింది ఆ ప్రాంతంలోనే. చెక్క స్లీపర్లా కాంక్రీటువా చూడండి. మెయిన్ లైన్లో కాంక్రీటు విరివిగా కనిపించేది 1980ల తర్వాత.

ఇప్పుడు డబ్బా దగ్గరికి రండి. చెక్క పలకల గోడలు ఉంటే బాగా పాతది. ఇనుప రేకుల మీద వరసలు వరసలుగా రివెట్లు ఉంటే ఆ తర్వాతిది. రివెట్లు లేకుండా నున్నగా ఉంటే వెల్డింగ్ కాలానిది. ఇరుసు చివర మూత ఉన్న పెట్టె కనిపిస్తే అది నూనెతో తడిపిన నూలు పీచు కుక్కిన పాత రకం యాక్సిల్ బాక్సు. ఇరుసు చివర బోల్టులతో తిరిగే గుండ్రటి మూత ఉంటే రోలర్ బేరింగ్. బరువులు టన్నులు, హండ్రెడ్‌వెయిట్లు అనే పాత బ్రిటిష్ తూకాల్లో రాసి ఉంటే మెట్రిక్‌కు ముందు పెయింటు వేసింది. తూనికల చట్టం 1956లో వచ్చింది, బండ్ల మీద మార్పు ఆ తర్వాత మెల్లగా జరిగింది. పక్కన మూలలో చిన్న అక్షరాలతో పీఓహెచ్ తేదీ దొరికితే పండగే. వర్క్‌షాప్‌లో పూర్తి మరమ్మతు చేసిన తేదీ అది. ఫొటో కచ్చితంగా దాని తర్వాతే తీసింది. పక్కనే మళ్లీ వర్క్‌షాప్‌కు రావాల్సిన తేదీ కూడా ఉంటే, చాలావరకు ఆ రెండు తేదీల మధ్య తీసిన ఫొటో.

పెద్ద అక్షరాలు చూసి తొందరపడకండి. వ్యాగన్లు రైల్వేలన్నిటి ఉమ్మడి వాడకంలో దేశమంతా తిరిగేవి. నెల్లూరు గూడ్సు షెడ్డులో తీసిన ఫొటోలో బెంగాల్ నాగపూర్ రైల్వే డబ్బా, నిజాం స్టేట్ రైల్వే డబ్బా పక్కపక్కనే నిలబడి ఉండొచ్చు. నిజానికి అలాంటి ఫొటో దొరకడమే అదృష్టం. మన ఊరి సరుకు ఎంత దూరం తిరిగిన బండిలో ఎక్కిందో అది చూపిస్తుంది.

రకం కోడ్ కనిపిస్తే పని తేలిక. సీ అంటే మూసిన డబ్బా, ఓ అంటే పైకప్పు లేనిది, టీ అంటే ట్యాంకు. ముందు బీ ఉంటే నాలుగు చక్రాలది కాదు, బోగీల మీద నడిచేది. బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, దాని కింద రెండేసి ఇరుసులతో తిరిగే చక్రాల చట్రం. ముందు ఎం ఉంటే మీటర్‌గేజ్. చివర ఎన్ ఉంటే ఎయిర్ బ్రేకు. అంటే బీసీఎన్ అన్నది బోగీలున్న, మూసిన, ఎయిర్ బ్రేకు వ్యాగన్. ఈ ఎన్ రకాలు 1980ల నుంచి పెరిగాయి. ఇంకా ఇటీవలి ఫొటో అయితే 11 అంకెల నంబరు ఉంటుంది. అందులో మొదటి రెండు అంకెలు రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఐదో ఆరో అంకెలు తయారైన సంవత్సరం.

కొలతలు రాబట్టడం

మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. నెమ్మదిగా చేయండి.

ఫొటోలో పొడవు తెలిసిన వస్తువు ఒకటి దొరకాలి. దాన్ని బద్దగా పెట్టుకుని మిగతావి కొలవాలి. రైల్వేలో అదృష్టం ఏమిటంటే చాలా వస్తువులకు కట్టుబాటు కొలతలు ఉన్నాయి. వ్యాగన్ చివరి వైపు కనిపిస్తే పట్టాల మధ్య 1676 మి.మీ., రెండు బఫర్ల నడిమి బిందువుల మధ్య 1956 మి.మీ. పట్టా పైఅంచు నుంచి బఫర్ మధ్యకు ఎత్తు ఖాళీ బండికి ఎక్కువలో ఎక్కువ 1105 మి.మీ., లోడు బండికి తక్కువలో తక్కువ 1030 మి.మీ. చెక్క స్లీపరు పొడవు బ్రాడ్‌గేజ్‌లో 2750 మి.మీ., మీటర్‌గేజ్‌లో 1800 మి.మీ. బ్రాడ్‌గేజ్ గూడ్సు ప్లాట్‌ఫారం పట్టా నుంచి సుమారు 1070 మి.మీ. ఎత్తు. పక్కన నిలబడ్డ మనిషి ఎత్తును బద్దగా వాడటం ఇవేవీ లేనప్పుడే.

ఒక ఉదాహరణ చేద్దాం. డబ్బా పక్క వైపు సూటిగా కనిపించే ఫొటో అనుకోండి. పట్టా నుంచి బఫర్ మధ్యకు 96 పిక్సెళ్లు వచ్చింది. బండి ఖాళీదో లోడుదో తెలియదు కాబట్టి మధ్యస్థంగా 1070 మి.మీ. తీసుకుందాం. 1070ని 96తో భాగిస్తే ఒక పిక్సెల్‌కు 11.15 మి.మీ. చక్రాల పైన డబ్బాకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగే ఇనుప దూలాన్ని సోల్‌బార్ అంటారు. అది 546 పిక్సెళ్లు ఉంది. గుణిస్తే సుమారు 6086 మి.మీ. రెండు ఇరుసుల మధ్య 328 పిక్సెళ్లు, అంటే సుమారు 3656 మి.మీ.

ఇక్కడ ఆగి అడుగుల్లోకి మార్చండి. 6086 అంటే 20 అడుగులకు సెంటీమీటరు తక్కువ. 3656 అంటే సరిగ్గా 12 అడుగులు. మెట్రిక్ రాక ముందు ఈ బండ్లను గీసినవాళ్లు అడుగులు, అంగుళాల్లో ఆలోచించారు. లెక్కలో వచ్చిన సంఖ్య నిండు అడుగుకో అర అడుగుకో ఇంత దగ్గరగా వస్తే ఆ నిండు సంఖ్యే అసలు కొలత అయ్యే అవకాశం ఎక్కువ. బఫర్ ఎత్తు అంచనాలోనే మూడు, నాలుగు శాతం తేడా ఉండొచ్చు కాబట్టి ఈ సర్దుబాటు మీ లెక్కను నిలబెడుతుంది. 20 అడుగులు కుడి పేజీలో రాయండి, 546 పిక్సెళ్లు ఎడమ పేజీలో.

డబ్బా గోడను కొలవకుండా సోల్‌బార్‌ను ఎందుకు కొలిచామంటే, బఫర్, సోల్‌బార్, చక్రం ఇంచుమించు ఒకే లోతులో ఉంటాయి. గోడ వాటికంటే సుమారు అర మీటరు కెమెరా వైపుకు ఉంటుంది. కెమెరా 10 మీటర్ల దూరంలో ఉంటే గోడ 5 శాతం పెద్దగా పడుతుంది. 20 అడుగుల డబ్బాకు అది ఒక అడుగు! గోడ ఎత్తు, తలుపు వెడల్పు లాంటివి గోడ మీదే కొలవక తప్పదు. అప్పుడు సోల్‌బార్ పొడవుకు, గోడ పొడవుకు ఫొటోలో ఎంత తేడా ఉందో చూసి, ఆ నిష్పత్తిలో గోడ కొలతలన్నీ తగ్గించండి. రెండూ ఒకే చోట మొదలై ఒకే చోట ముగిసే డబ్బాల్లో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది.

ఫొటో ఓరగా తీసినదైతే చక్రాన్ని నమ్ముకోండి. ఓరగా చూసిన చక్రం కోడిగుడ్డులా కనిపిస్తుంది. దాని ఎత్తు 60, వెడల్పు 48 పిక్సెళ్లు ఉంటే ఆ చోట అడ్డం కొలతలు 0.8 వంతుకు కుదించుకుపోయాయన్నమాట. అక్కడి అడ్డం కొలతలను 0.8తో భాగించండి. దగ్గరి చక్రానికి, దూరపు చక్రానికి లెక్క వేరువేరుగా వస్తుంది. డబ్బాను రెండు సగాలుగా చేసి, దేనికి దాని చక్రమే వాడండి. మరి సగం ఎక్కడ? ఓర ఫొటోలో బద్దతో కొలిచిన సగం అసలు సగం కాదు. గోడ నాలుగు మూలలను రెండు కర్ణాలతో కలపండి. అవి ఖండించుకున్న చోటే అసలు మధ్య. ఒక్కో సగానికి మళ్లీ కర్ణాలు గీస్తే పావులు వస్తాయి. తలుపు సరిగ్గా మధ్యలో ఉందా, నిలువు కమ్మీలు సమదూరంలో ఉన్నాయా అన్నది ఇలా కచ్చితంగా తేలిపోతుంది. ఇది పెన్సిలు, స్కేలు పని, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

పాత ఫొటో మీదికి వెళ్లే ముందు కొలత తెలిసిన వ్యాగన్ మీద చేయి తిప్పుకోండి. కృష్ణపట్నం వైపు బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్లు నెల్లూరు జిల్లాలో రోజూ కనిపిస్తాయి. రైలు గేటు పడినప్పుడు గేటు ఇవతలే నిలబడి ఒకటి ఫొటో తీయండి. ఒకే బోగీలో రెండు ఇరుసుల మధ్య 2000 మి.మీ. అది బద్దగా పెట్టుకుని వ్యాగన్ పొడవు లెక్క కట్టండి. చివరి దూలం నుంచి చివరి దూలానికి 9784 మి.మీ., కప్లర్లతో కలిపి 10713 మి.మీ. రావాలి. ఎంత తేడా వచ్చిందో అదే మీ చేతి తేడా.

కనిపించని వైపు

ఫొటో ఒక పక్కనే చూపిస్తుంది. అవతలి పక్క, పైకప్పు, అడుగు భాగం తెలియవు. అదే రకం వ్యాగన్ వేరే ఫొటోల్లో ఉందేమో వెతకాలి, లేదా మిగిలిన బండ్లను చూడాలి. నెల్లూరుకు దగ్గర్లో ఉన్నది చెన్నైలో ఐసీఎఫ్ అనే రైలు పెట్టెల కర్మాగారం దగ్గరి రైల్ మ్యూజియం. ఢిల్లీ చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియానికి వెళ్లే అవకాశం వస్తే పెద్ద ఇంజన్ల దగ్గర ఒక గంట తగ్గించుకుని నాలుగు చక్రాల బండ్ల దగ్గర వంగి అడుగు భాగం చూడండి. బ్రేకు కడ్డీలు ఎటు నుంచి ఎటు పోతాయో ఏ పాత ఫొటో కూడా సరిగా చూపించదు.

స్టేషన్ల చివర తుప్పు పట్టిన పాత వ్యాగన్ కనిపించిందని అనుమతి లేకుండా లైన్ల మీదికి వెళ్లకండి. ప్రాణానికి ప్రమాదం, పైగా 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. స్టేషన్ మాస్టర్‌ను కలిసి ఎందుకో చెప్పి, ఫొటో చూపించి అడగండి.

స్కేలు ఎంచుకోవడం

మన దేశంలో ఎక్కువమంది చేసేది హెచ్‌ఓ, అంటే 87వ వంతు. చక్రాలు, పట్టాలు దొరుకుతాయి. చిక్కు ఏమిటంటే దొరికే పట్టా 16.5 మి.మీ., అది విదేశీ గేజ్‌కు చేసింది. మన బ్రాడ్‌గేజ్ ఆ స్కేల్లో 19.3 మి.మీ. ఉండాలి. 16.5 మీద పెడితే నమూనా సన్నకాళ్ల మీద నిలబడ్డట్టు ఉంటుంది. అద్దాల బీరువాలో పెట్టుకునే నమూనా అయితే పట్టాను మీరే 19.3కి వేసుకోండి, నా సలహా అదే. మన బండి అందం ఆ వెడల్పులో ఉంది. 76వ వంతు స్కేల్లో అడుగుకు 4 మి.మీ. కాబట్టి లెక్క హాయిగా ఉంటుంది. ఐదున్నర అడుగులు సరిగ్గా 22 మి.మీ., మన 20 అడుగుల డబ్బా 80 మి.మీ. మార్కాపురం లైను మీటర్‌గేజ్ చేసేవాళ్లకు 87వ వంతులో 11.5 మి.మీ. రావాలి, బజార్లో దొరికే 12 మి.మీ. పట్టా దాదాపు సరిపోతుంది.

కట్టడం

ముందు నిజమైన సైజులో కాదు, నమూనా సైజులో కాగితం మీద పక్క, చివర, పైకప్పు గీయండి. 87వ వంతులో మన డబ్బా పొడవు 70 మి.మీ. ఆ బొమ్మ మీద ఫొటోను చూస్తూ కమ్మీలు, తలుపులు, కీళ్లు పెట్టండి.

గోడలకు 1 మి.మీ. పాలీస్టైరిన్ ప్లాస్టిక్ షీటు మంచిది. నెల్లూరులో దొరక్కపోతే ఆర్కిటెక్ట్‌లకు మోడల్స్ చేసేవాళ్లు ఎక్కడ తెప్పించుకుంటారో కనుక్కోండి. సన్‌బోర్డ్ వాడొద్దు, అంచులు పొడిపొడిగా రాలి చిన్న వివరాలు నిలవవు. షీటును పూర్తిగా కోయక్కర్లేదు. స్టీలు స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో రెండు మూడు సార్లు గీసి వంచితే గీత మీద తెగుతుంది. నాలుగు గోడలు అతికించే ముందే కమ్మీలు అతికించండి. నిజం బండిలో 75 మి.మీ. కమ్మీ మీ నమూనాలో 0.9 మి.మీ. కూడా ఉండదు, కాబట్టి అర మిల్లీమీటరు షీటు నుంచి సన్నని పట్టీలు కోసుకోవాలి. ముందు పెట్టె చేసి తర్వాత పట్టీలు అంటిస్తే నిలువు తప్పుతుంది.

చెక్క పలకల డబ్బా అయితే పలకల మధ్య గీతలను బ్లేడు వెనక మొనతో గీయండి. రివెట్ల డబ్బా అయితే కర్రీ పాయింట్లో పార్సిల్ ఇచ్చే అల్యూమినియం డబ్బా తీసుకుని, ఆ పలచటి రేకును పాత అట్ట మీద బోర్లా పెట్టి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో వెనక నుంచి చుక్కలు నొక్కండి. ముందు వైపు రివెట్లు ఉబ్బుతాయి. చుక్కలు సమదూరంలో రావాలంటే పక్కన గ్రాఫ్ కాగితం అంటించుకోండి. ఫొటోలో రివెట్లు లెక్కపెట్టగలిగితే అదే సంఖ్య పెట్టండి. లెక్కపెట్టలేకపోతే కుడి పేజీలో ఆ మాట రాసి ముందుకెళ్లండి.

పైకప్పు వంపుకు 0.5 మి.మీ. షీటును తగిన సైజు పీవీసీ పైపుకు టేపుతో చుట్టి, బాగా మరిగిన నీళ్లలో కాసేపు ఉంచి, తీసి చల్లటి నీళ్లలో ముంచండి. వంపు నిలుస్తుంది. డబ్బా చివరి గోడ వంపు కంటే పైపు కొంచెం సన్నదిగా ఉండాలి.

బరువు మరవొద్దు. తేలికైన నమూనా పట్టా మీద నిలవదు. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ హెచ్‌ఓకు చెప్పే లెక్క: 28 గ్రాములు, దానికి తోడు పొడవులో ప్రతి అంగుళానికి 14 గ్రాములు. మన 70 మి.మీ. డబ్బాకు 67 గ్రాములు వస్తుంది. పైకప్పు మూసే ముందే లోపల నట్లు అంటించేయండి.

రంగు, అక్షరాలు

నలుపు తెలుపు ఫొటోలో రంగు చూసి మోసపోకండి. పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు. ఎర్రమట్టి రంగు డబ్బా దాని మీద దాదాపు నల్లగా పడుతుంది. నల్లగా ఉంది కదా అని నల్ల రంగు వేస్తే పొరపాటు. అదే ఫొటోలో రంగు తెలిసిన వస్తువు ఏదైనా ఉందేమో చూడండి. ఎర్ర జెండా, కొత్త ఇటుక గోడ, ఎర్ర దీపం అద్దం లాంటివి. అవీ డబ్బా అంతే నల్లగా ఉంటే డబ్బా ఎర్రదై ఉండొచ్చు.

ముందు ప్రైమర్, తర్వాత రెడ్ ఆక్సైడ్‌కు దగ్గరి గోధుమ ఎరుపు ఆక్రిలిక్ రెండు పలచటి పూతలు. చిక్కగా ఒకే పూత వేస్తే మీరు నొక్కిన రివెట్లు పూడిపోతాయి. అక్షరాలు కష్టం. మామూలు ప్రింటరు తెల్ల రంగు ముద్రించదు. బైకులకు స్టిక్కర్లు కోసే షాపులో ఇంకా పెద్దదైన 43వ వంతు నమూనాకు పెద్ద అక్షరాలు కోయించవచ్చు, 87వ వంతుకు అంత చిన్నవి కుదరవు. సన్నని బ్రష్షుతో చేత్తో రాయడమే దారి. నిజం బండి మీద కూడా పెయింటరు చేత్తోనే రాసేవాడు, కాస్త వంకర ఉన్నా తప్పు లేదు. ఫొటోలో నంబరులో రెండంకెలే చదవగలిగితే మిగతావి కల్పించకండి. ఆ చోట మసి పట్టినట్టు, రంగు రాలినట్టు చేయండి.

మాపు కూడా ఫొటో చూసే పూయాలి. ఉప్పు మోసే బండికి తలుపు కింద, నేల అంచున తుప్పు ఎక్కువ. చక్రాల మీద బ్రేకు దిమ్మెల నుంచి రాలిన ఇనుప పొడి గోధుమ రంగు. బొగ్గుపొడి, గీసిన చాక్‌పీసు పొడి, కొంచెం పసుపు మట్టి కలిపి మెత్తని బ్రష్షుతో అద్దండి. తలుపు పక్కన సుద్దతో ఎవరో గీసిన గమ్యం గుర్తు ఫొటోలో ఉంటే దాన్ని మాత్రం వదలకండి. యార్డులో పనిచేసిన మనిషి చేతిరాత అది.

పైకప్పు అతికించాక డబ్బాను తిరగేసి, అడుగున సన్నని పర్మనెంట్ మార్కరుతో రాయండి: ఫొటో ఎవరింటిదో కాదు, ఏ ఊరిదో, ఏ కాలానిదని తేల్చారో, ఏ పక్క ఫొటో నుంచి వచ్చిందో, ఏ పక్క ఊహో. చోటు చాలకపోతే నోటుబుక్కు పేజీ నంబరు వేయండి. తర్వాత ఎప్పుడైనా రెండో ఫొటో దొరికి అవతలి పక్క తలుపు వేరేగా ఉందని తెలిస్తే ఆ పక్క గోడ ఒక్కటి ఊడదీసి మార్చుకోవచ్చు. అందుకని ఊహ పక్క గోడను చిక్కగా కాకుండా నాలుగు చుక్కల జిగురుతోనే అంటించండి.